నీలం వరసలో ఊదా

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే తడిమట్టి వాసన, దాని వెనకే రేడియో గొంతు వినిపించాయి. రేడియో అంటే పాటలు పాడే పెట్టె కాదు. మట్టి కలిపే మనిషి. ఆవిడ నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్ళు ఆ నర్సరీలో ఎవరూ లేరు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది.

"వచ్చావా డేగా? సూపర్‌వైజరు మొహం చూశావా? నిప్పుల మీద నడిచొచ్చినట్టున్నాడు. ఎవరికో మూడింది ఇవాళ."

"ముందు ఆ పార తియ్యి దారిలోంచి. తన్నుకుని పడితే మూడేది నాకే" అంది అత్తగారు, తన ముక్కాలి పీట వైపు నడుస్తూ.

ఆవిడని డేగ అని పిలవడం వెటకారమేమీ కాదు. ఆ పేరంటే ఆవిడకి లోపల్లోపల గర్వమే. చలి మొదలై మిగతా పూలన్నీ ముడుచుకునే రోజుల్లో ఊరంతా పాన్సీలు అడుగుతుంది. ఆఫీసుల ముందు, పార్కుల్లో, రైల్వే స్టేషను గడియారం కింద, ఎక్కడ చూసినా అవే. ఎప్పుడూ ఏ రంగు గింజ ఆ రంగుకి విడిగా వచ్చేది. ఈసారి నీలం, ఊదా కలిపేసిన గింజే దొరికింది. మొలిచిన మొక్కని చూసి ఏది ఏ రంగో చెప్పడం ఎవరి తరమూ కాదు. మొదటి మొగ్గ వేసి, దాని ఆకుపచ్చ తొడుగు కాస్త విచ్చి, లోపలి రేకు కొస బియ్యపుగింజంత కనబడ్డప్పుడు చెప్పాలి. మధ్యాహ్నమంతా ఆ పీట మీద కూర్చుని ఒక్కో కుండీని కళ్ళ దగ్గరికి ఎత్తి చూసి, నీలాన్ని ఎడమ బుట్టలోకి, ఊదాని కుడి బుట్టలోకి వేయడం అత్తగారి పని. మర్నాడు పొద్దున ఆ మొగ్గని గోటితో గిల్లేయడం కొత్తగా పనిలో చేరిన ఆవిడ కోడలి పని. తొలి మొగ్గని గిల్లేస్తే గానీ మొక్క పక్కలకి కొమ్మలేసి గుబురుగా పెరగదు. గిల్లాక మాత్రం మళ్ళీ పూసేదాకా ఆ మొక్క రంగు దేవుడికే తెలియాలి.

అందుకే డేగ కళ్ళంటే అక్కడ అందరికీ అంత గౌరవం.

సూపర్‌వైజరు లోపలికొచ్చి గొంతు పెంచకుండానే మాట్లాడాడు. అరిస్తే బాగుండుననిపించింది వినేవాళ్ళకి. రాత్రి సరిగ్గా నిద్రపోని మనిషిలా ఉన్నాడు.

"స్టేషను వాళ్ళు పిలిచారు. గడియారం కింద నీలం మడి కదా మనం వేసింది? పూలు విచ్చాయంట. నీలం మధ్యలో ఊదా. దెబ్బ తగిలి కమిలినట్టు అక్కడొక మచ్చ, ఇక్కడొక మచ్చ. నలుగురిలో నిలబెట్టి అడిగారు నన్ను, మీ దగ్గర రంగులు తెలిసినవాళ్ళు లేరా అని."

అత్తగారు పీట మీద నిటారుగా కూర్చుంది.

"నా చేతిలోంచి వెళ్ళినవి అలా ఉండవు బాబూ."

"మిమ్మల్ని అనట్లేదు పెద్దమ్మా. మీ కళ్ళు నాకు తెలీవా? మీరు ఏరిన తర్వాత ఎక్కడో తేడా వచ్చింది."

అప్పుడు రేడియో మోగింది. దానికి చెడు ఉద్దేశమేమీ లేదు. ఖాళీ కనబడితే మాటతో పూడ్చేయడం ఆవిడకి అలవాటు.

"నేను చూశానండీ. ఆ అమ్మాయి పొద్దున్నే వచ్చి బుట్టలు సర్దుతుంటుంది. ఇందులోవి అందులోకి, అందులోవి ఇందులోకి. నీళ్ళు పడ్డానికి వీలుగా సర్దుతోందేమో అనుకున్నా."

అందరూ కోడలి వైపు తిరిగారు. ఆ పిల్ల షెడ్డు చివర నిలబడి ఉంది. మొగ్గలు గిల్లి గిల్లి పచ్చబడ్డ బొటనవేలి గోరుని చూపుడువేలితో రుద్దుకుంటోంది.

"నిజమేనా అమ్మాయ్? మార్చావా?" అన్నాడు సూపర్‌వైజరు.

"మార్చాను" అంది కోడలు.

"ఎందుకు?"

కోడలు ఒక్కసారి అత్తగారి వైపు చూసి, మళ్ళీ గోరు వైపు చూసుకుంది.

అత్తగారికి ఒళ్ళు మండింది. ఈ మాట ఇంటి దగ్గర ఎన్నిసార్లు చెప్పింది! ఒకసారి తన కళ్ళారా పట్టుకుంది కూడా, నీలం బుట్టలోంచి రెండు కుండీలు తీస్తుంటే. 'నేను ఏరినవాటి మీద చెయ్యి వేయొద్దు, నీ పని గిల్లడం, అంతవరకూ చూసుకో' అని కడిగేసింది. ఆ రోజూ ఇలాగే బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది.

"ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అంది నలుగురి ముందే. "తెలీని పనిలో వేలెందుకు పెడతావు? ఇప్పుడు నా పేరు కూడా గంగలో కలిపావు."

కోడలు తల వంచుకుంది.

"సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు సూపర్‌వైజరు. ఆ మాట అంటున్నందుకు అతనికే విసుగ్గా ఉన్నట్టుంది. "రేపు మాత్రం స్టేషనుకెళ్ళి తప్పు మొక్కలు తీసి, వాటి చోట్లో పూసిన నీలం మొక్కలు పెట్టి రావాలి. పెద్దమ్మా, మీరూ వెళ్ళండి. మీరు దగ్గరుంటే గానీ నాకు నమ్మకం కుదరదు."

*

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. మనవరాలు జ్వరం తగ్గి నెలైనా నీరసం తీరక పడుకుని, గోడ మీద వేలితో ఏవో గీతలు గీస్తోంది. ఆ పిల్ల జ్వరానికే పోయిన నెల కోడలు వారం పాటు పని మానేసి ఇంట్లో ఉండిపోయింది.

కొడుకు చొక్కా విప్పుతూ ఆగి, గుండీ వైపు చూసి నవ్వాడు.

"అమ్మా, ఇదేం దారమే? తెల్ల చొక్కాకి లేతపచ్చ దారంతో గుండీ కుట్టావు. ఆఫీసులో అందరూ కొత్త ఫ్యాషనా అని అడిగారు."

"పాత దారం, మాసిపోయి ఉంటుంది" అంది అత్తగారు. "ఆ బల్బు మార్చమని ఎన్నాళ్ళ నుంచి చెప్తున్నాను? ఈ గుడ్డి వెలుతురులో ఇంకెలా కుడతారు?"

"మొన్ననే కదా మార్చాను."

"అయితే మంచిది తెచ్చి ఉండవు."

కొడుకు మాట మార్చి భార్యని అడిగాడు, "ఏంటలా ఉన్నావు?" అని. అత్తగారు చెవులు రిక్కించింది. ఇక మొదలవుతుంది ఏడుపు, అత్త నలుగురిలో పరువు తీసిందన్న పితూరీ, అనుకుంది.

"ఏం లేదు. సోమవారం నుంచి నాకు పని లేదంట. మొక్కలు అయిపోవచ్చాయి కదా" అంది కోడలు, కంచం ముందు పెడుతూ.

"అదేంటి? ఈ చలికాలమంతా ఉంటుందన్నావుగా? పాపని బడిలో వేద్దామనుకున్నాం దాన్ని నమ్ముకునే."

"వచ్చే ఏడాది వేద్దాంలే."

అంతే. పితూరీ వస్తుందని గొంతు సవరించుకుని కూర్చున్న అత్తగారికి, అది రాకపోయేసరికి ఏం చేయాలో తోచలేదు. తిట్టినవాళ్ళని తిరిగి తిట్టకపోతే ఆ తిట్లు తిట్టినవాళ్ళ ఒళ్ళోనే కూర్చుంటాయి. ఆవిడ రెండు ముద్దలు తిని, అరగలేదని లేచిపోయింది.

*

స్టేషను ముందు మడి గుండ్రంగా, గడియారపు స్తంభం చుట్టూ ఉంది. పెట్టెలు లాక్కుంటూ వెళ్ళేవాళ్ళు ఒక క్షణం ఆగి చూస్తున్నారు. ఒకావిడ తన పక్కనున్న మనిషితో, "చూడు, అక్కడక్కడా మురికి అంటినట్టు లేదూ?" అని వెళ్ళిపోయింది.

చలిగాలికి అత్తగారి ముక్కు కారుతోంది. మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని అంచు దగ్గర కూలబడింది. పూలు నిజంగా బాగా పూశాయి. తొలి మొగ్గ గిల్లిన మొక్కలు కదా, ఒక్కోదానికి గుప్పెడు పూలు. ఒక్కో పువ్వూ నలుగురిలో మాట్లాడటానికి సిద్ధమైన మొహంలా ముందుకి వంగి ఉంది. ఆవిడకి అలసట కాస్త తగ్గింది.

"ఏవి మరి? ఎక్కడున్నాయి ఆ ఊదావి?"

కోడలు నీలం మొక్కల బుట్ట కింద పెట్టి, పక్కన నిలబడింది.

అత్తగారు దగ్గరికి వంగింది. ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది. మోకాళ్ళ మీద పక్కకి జరిగి మళ్ళీ చూసింది. అంతా నీలమే. పొగలో చూసినట్టు కాస్త మందంగా ఉందేమో గానీ నీలమే.

"ఏమీ లేవు కదే! మబ్బు పట్టి ఉన్నప్పుడు చూసి ఏదో అనుకుని ఉంటారు. అంతా ఒకటే రంగు. ఈ పెద్దమనుషులకి కళ్ళు లేక..."

కోడలు ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చిన్న పార తీసుకుని, సరిగ్గా ఆవిడ మొహం ముందున్న మొక్క చుట్టూ గుచ్చి, వేరుతో సహా ఎత్తి పక్కన పెట్టింది. దాని పక్కన ఒకటి వదిలేసి, తర్వాతది తీసింది. తర్వాత వరుసగా రెండు. చెయ్యి ఎక్కడా తడబడటం లేదు. దారిన పోయే వాడొకడు, "ఆ వెనకాల ఇంకోటుంది చూడండి" అని చెప్పి మరీ పోయాడు. అవును, దాన్నీ తీసింది.

అత్తగారు, కోడలు తీసిన మొక్కని ఒక చేతిలోకి, మడిలో పెట్టాల్సిన మొక్కని ఇంకో చేతిలోకి తీసుకుంది. రెంటినీ కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరికి తెచ్చింది. ఎండలోకి తిరిగింది. ముంజేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"రెండూ ఒకటే కదే" అంది. ఈసారి గొంతులో కోపం లేదు.

కోడలు పార మీదే దృష్టి పెట్టి, "చలికి కళ్ళల్లో నీళ్ళు వస్తున్నాయి కదా అత్తయ్యా, అందుకే" అంది.

అత్తగారు మడి వైపు చూసింది. కోడలు గుంటలు చేస్తున్నది అంతా ఒకవైపే. గేటు వైపు సగంలో ఒక్క మొక్కా కదపలేదు. ఈ చివర, ఆఖరి బండిలో వచ్చిన మొక్కలు పెట్టిన చోటే తీస్తోంది. ఆఖరి బండి మొక్కలు పోయిన నెల ఏరినవి. ఆ రోజుల్లోనే పాపకి జ్వరం. కోడలు షెడ్డుకే రాలేదు. మొగ్గలు గిల్లింది రేడియో. నోటితో లోకం చుట్టొస్తూ చేత్తో గిల్లుకుపోయే మనిషి, మొగ్గ వైపు చూస్తుందా ఏమన్నానా?

కోడలు ముట్టుకున్న మొక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. కోడలు ముట్టుకోనివే తప్పాయి.

షెడ్డు మీద కప్పిన పాలిథిన్ మాసి వెలుతురు రావట్లేదు, కడగండని తను అన్నప్పుడల్లా ఈ పిల్ల మాట్లాడకుండా నిచ్చెనెక్కి కడిగొచ్చింది. తెల్లవారుతూనే నీళ్ళు పెట్టాలంటూ తనకంటే ముందు వెళ్ళిపోయేది. ఎంత పని పిచ్చో అని రేడియోతో కలిసి నవ్వుకుంది తను. ఆ నీళ్ళ వంకతో రోజూ తను చేసిన తప్పులు దిద్దిందన్నమాట. దిద్దుతూ పట్టుబడి తిట్లు తింది. నిన్న నలుగురిలోనూ తింది.

ఆవిడ చేతిలోని రెండు మొక్కలూ పక్కపక్కనే కింద పెట్టేసింది.

"నిన్న ఎందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పమంటారు? డేగకి చూపు ఆనడం లేదనా?" కోడలు కొత్త మొక్క గుంటలో పెట్టి వేళ్ళతో మట్టి అదిమింది. "నేను కొత్తదాన్ని. నాకు ఇక్కడ కాకపోతే ఇంకోచోట దొరుకుతుంది. మిమ్మల్ని ఈ వయసులో ఎవరు పెట్టుకుంటారు? పైగా పని లేకుండా ఇంట్లో కూర్చుంటే మీరు నన్ను బతకనిస్తారా?"

చివరి మాటకి ఇద్దరికీ నవ్వు రావాల్సింది. రాలేదు. అత్తగారు ఒక్కో మొక్కా అందిస్తూ కూర్చుంది. కోడలు నాటుతూ పోయింది. గడియారం గంట కొట్టినప్పుడల్లా స్తంభం మీది పావురాలు లేచి మళ్ళీ వాలాయి.

*

మర్నాడు సూపర్‌వైజరు షెడ్డులోకి రాగానే అత్తగారు పీట మీంచి లేచింది.

"బాబూ, ఆ రంగులు కలిపింది నేను. మా కోడలు కాదు. నాకు నీలానికీ ఊదాకీ తేడా తెలియట్లేదు."

సూపర్‌వైజరు ఆవిడ వైపు చూసి, కోడలి వైపు చూసి, పెదవి విరిచాడు.

"పెద్దమ్మా, ఇంట్లో కొడుకు ఏమన్నా అన్నాడా? కోడల్ని వెనకేసుకురావడం మంచిదే. కానీ ఇలా కాదు."

"ఎవరూ ఏమీ అనలేదు. నిజం చెప్తున్నా."

"డేగకి చూపు లేదా! అయితే నాకు నోరు లేదు" అంది రేడియో. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నమ్మకపోతే పెట్టు మరి" అంది అత్తగారు పీట మీద కూర్చుంటూ. "మొగ్గ విచ్చినవి తెచ్చి నా ముందు పెట్టు. అందరూ చూడండి."

సూపర్‌వైజరు విసుక్కుంటూనే ఒక ట్రే తెచ్చి పీట పక్కన పెట్టాడు. ఎడమ బుట్ట నీలానికి, కుడి బుట్ట ఊదాకి, ఎప్పటిలాగే. కోడలు మెల్లగా వచ్చి ఎదురుగా, సూపర్‌వైజరు వీపు వెనక నిలబడింది.

అత్తగారు మొదటి కుండీ ఎత్తింది. తొడుగులోంచి రేకు కొస కనబడుతోంది. నల్లగా, మసగ్గా. నీలమే అయి ఉంటుంది అనుకుని తల ఎత్తేసరికి కోడలి కళ్ళు కనబడ్డాయి. పెద్ద కళ్ళు ఆ పిల్లవి. అవి కదిలి కుడి బుట్ట మీద ఆగాయి. మళ్ళీ తన మీదకి వచ్చి, మళ్ళీ కుడి బుట్ట మీదకి వెళ్ళాయి.

ఆలోచించేలోపే చెయ్యి కుడివైపు వెళ్ళిపోయింది. కుండీ ఊదా బుట్టలో పడింది.

"ఊదా. చూశారా?" అన్నాడు సూపర్‌వైజరు. "నాకే వంగి చూస్తే గానీ తెలియలేదు. మీరేమో చూపు లేదంటారు."

రేడియో చప్పట్లు కొట్టింది. అత్తగారి ఒంట్లో ఎక్కడో వెచ్చగా అయింది. ఎంత తేలిక! ఈ పీట, ఈ పేరు, వెలుతురు బాగా పడే ఈ మూల, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఎదురుగా ఆ పిల్ల చెయ్యమంటున్నది కూడా అదే. ఇలా ట్రే అంతా చేసేస్తే, జరిగినదంతా కోడలి తప్పేనని ఇక ఎవరికీ అనుమానం ఉండదు. సోమవారం తనొక్కతే షెడ్డుకి నడిచి వస్తుంది.

రెండో కుండీ ఎత్తింది. కోడలి కళ్ళు మళ్ళీ కుడి బుట్ట మీద ఆగాయి.

అత్తగారు దాన్ని ఎడమ బుట్టలో పెట్టింది.

సూపర్‌వైజరు బుట్టలోకి వంగి చూశాడు. మూడో కుండీకి కోడలి చూపు ఎడమకి వెళ్ళింది. అత్తగారు కుడి బుట్టలో పెట్టింది. నాలుగోదానికి కోడలు తల కూడా ఊపింది, వద్దన్నట్టు, బతిమాలుతున్నట్టు. కళ్ళు నిండి ఉన్నాయి. అయినా ఎడమ బుట్ట వైపే గట్టిగా చూస్తోంది. అత్తగారు ఆ చూపు ఎటుందో బాగా చూసుకుని, రెండోవైపు పెట్టింది. తొందర లేకుండా, పని ఎలా చేస్తుందో అలాగే, కుండీ అడుగు తుడిచి, మూతి సరిచేసి మరీ పెట్టింది.

ట్రే సగమయ్యేసరికి రేడియో నోరు మూసుకుంది. అలా జరగడం అందరూ అప్పుడే చూశారు.

"చాలు పెద్దమ్మా" అన్నాడు సూపర్‌వైజరు. వంగి బుట్టల్లోని కుండీలు ఒక్కోటీ మార్చుకుంటూ, ఆవిడ మొహం వైపు చూడకుండా అడిగాడు, "ఎన్నాళ్ళ నుంచి?"

"వానలు వెలిశాక అనుకుంటా. పాలిథిన్ మాసిందనుకున్నాను."

"మరి ఇన్నాళ్ళూ సరిగ్గానే వెళ్ళాయి కదా..." అంటూనే అతనికి అర్థమైంది. వెనక్కి తిరిగి కోడలి వైపు చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. "నువ్వు రా అమ్మాయ్. ఇక్కడ కూర్చో. సోమవారం కూడా రా."

"మా అత్తయ్య?"

"చూద్దాం. నాకూ పైన చెప్పుకోవాల్సిన వాళ్ళున్నారు. ముందు కళ్ళు చూపించనీ." అది అవుననీ కాదు, కాదనీ కాదు. అంతకంటే ఇవ్వడానికి అతని దగ్గరా ఏమీ లేదని అత్తగారికి తెలుసు.

ఆవిడ పీట మీంచి లేచింది. తనది కదా అని మడత పెట్టిన గోనెపట్టా చేతిలోకి తీసుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి పీట మీద పరిచింది. చలికాలం ఆ చెక్క ఎంత చల్లగా ఉంటుందో ఆవిడకి తెలుసు.

మధ్యాహ్నం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే కోడలు పక్కన వచ్చి నిలబడింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, గొంతులో కోపం ఉంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అత్తగారి మీద కోపం చూపించడం ఆ పిల్లకి అదే మొదలు.

"అంత స్పష్టంగా చూపిస్తుంటే ఎందుకలా చేశారు? నేను ఎటు చూస్తున్నానో మీకు కనబడలేదా అత్తయ్యా?"

అత్తగారు వేళ్ళ సందుల్లోని మట్టి కడుక్కుని, కుళాయి కట్టేసింది.

"కనబడింది" అంది. "అదొక్కటే కనబడింది."

షెడ్డులో ఇంకో ట్రే దించుతున్న చప్పుడైంది. కోడలు చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళింది.